పటకారు పిన్ని

ఆ షిప్‌యార్డులో పటకారు పిన్నిని ఎరగనివాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు నిన్నగాక మొన్న చేరినవాళ్ళై ఉండాలి. ఆవిడకో అసలు పేరు ఉంది, కాదనను. అది హాజరు పుస్తకంలో పదిలంగా ఉంది. ఒకసారి పెద్దాఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి ఆ పేరు చెప్పి పిలవమంటే, "అలాంటివాళ్ళెవరూ ఇక్కడ లేరండీ" అని పెట్టేసింది మహాతల్లి. పెట్టేసిన అయిదు నిమిషాలకు గుర్తొచ్చింది, ఆ లేని మనిషి తనేనని.

పద్దెనిమిదేళ్ళపాటు ఆ యార్డు ల్యాబులో ఆవిడ ఉక్కు ముక్కలు విరగ్గొట్టింది. ఈ శుక్రవారంతో ఆ పని అయిపోతుంది. ఉద్యోగం అయిపోతోందన్న దిగులు ఆవిడకు పెద్దగా లేదు. చెప్పకుండా మిగిలిపోయిన ఒక్క కృతజ్ఞత మాటే గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది. తనను క్యాంటీను నుంచి ల్యాబుకు తెచ్చిన మాస్టారికి, ఆయన బతికుండగానే చేతులు జోడించి చెప్పుకుంది. ఇంట్లో అత్తగారికి రోజూ ఏదో ఒక వంకన చెబుతూనే ఉంటుంది, ఆవిడ రోజూ "చాల్లే" అంటూనే ఉంటుంది. మిగిలింది కోత మేస్త్రి. ప్లేట్లు కోసే షాపులో ముప్ఫయ్యేళ్ళు పెత్తనం చేసి, రెండేళ్ళ కిందట రిటైరైన మనిషి. ఈవిడ "మేస్త్రి గారూ, ఆ రోజు మీరు గనక..." అని నోరు తెరిస్తే చాలు, "ఏంటీ? వినపడట్లా! ఈ గోలలో నీ పాట ఎవరు వింటారు, పో పో" అని కసిరేవాడు. యంత్రాలన్నీ ఆగి, షాపు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూడా వినపడట్లేదనేవాడు. ఎందుకలా చేసేవాడో, ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా ఆవిడకు అంతుపట్టలేదు.

ఇంతకీ ఆ రోజు ఏం జరిగిందో చెప్పాలంటే క్యాంటీను దగ్గర మొదలుపెట్టాలి.

అప్పటికి ఆవిడకు నలభై దాటాయి. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే కాపురం. ఇంట్లో ఆవిడా, అత్తగారూ. క్యాంటీను వంటింట్లో పెద్ద పెద్ద గిన్నెలు పొయ్యి మీద నుంచి దించడం ఆవిడ పని. ఇద్దరు మగవాళ్ళు గుడ్డలు పట్టుకుని, "జాగ్రత్త జాగ్రత్త" అని అరుచుకుంటూ దించే గిన్నెను, ఈవిడ రెండు పటకార్లతో ఒక్క చుక్క ఒలకకుండా దించేది. దించగానే పటకారును శుభ్రంగా తుడిచి, పొయ్యికి దూరంగా, మడిచిన గుడ్డ మీద పెట్టేది. సెగ దగ్గర వదిలేస్తే అది కాలిపోయి, మళ్ళీ పట్టుకున్నప్పుడు చెయ్యి బొబ్బలెక్కుతుంది. ఇది వంటింట్లో పెరిగిన చేతికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ తుడిచిపెట్టే అలవాటు ఉందే, దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, కొంప ముంచబోయింది ఇదే.

ల్యాబ్ మాస్టారు రోజూ పదకొండింటికి టీకి వచ్చేవారు. ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. చేత్తో సుద్దముక్క పట్టుకుని తిరుగుతారని అందరూ మాస్టారనేవారు. ఓడలకూ, సముద్రం మధ్య నిలబెట్టే చమురు ప్లాట్‌ఫాంలకూ వాడే ఉక్కు ప్లేట్లను పరీక్ష చేయడం ఆయన పని. ఆ పరీక్షల్లో ఒకటి ఆయనకు పెద్ద తలనొప్పి అయి కూచుంది. ప్లేటులోంచి చిటికెన వేలంత కడ్డీలు మూడు కోసి, నడుమ చిన్న గాడి పెడతారు. డ్రై ఐస్ అనే పొడి మంచు గడ్డలు వేసిన స్పిరిట్ తొట్టిలో వాటిని గడ్డకట్టే చలికి దించుతారు. తర్వాత ఒక్కో కడ్డీని పటకారుతో పైకి తీసి దిమ్మె మీద పెట్టి, గోడగడియారంలో లోలకంలా ఊగే పెద్ద సుత్తిని వదలాలి. సుత్తి కడ్డీని విరగ్గొట్టి అవతలికి పోతుంది, ఎంత దెబ్బ తిన్నాక విరిగిందో సూది చూపిస్తుంది. అంతా అయిదు సెకన్లలో అయిపోవాలి, లేకపోతే కడ్డీకి వెచ్చదనం తగిలి లెక్క తప్పుతుంది.

దీనికని చదువుకున్నవాళ్ళను ముగ్గుర్ని పెట్టి చూశారాయన. ఒకాయన కడ్డీని జారవిడిచేవాడు. ఒకాయన గాడిని ఇటు పెట్టబోయి అటు పెట్టేవాడు. మూడో ఆయన అన్నీ సవ్యంగానే చేసేవాడు గానీ, పాపం, ఎనిమిది సెకన్లు పట్టేది. అలా విసిగిపోయి టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న ఒకరోజున, క్యాంటీనులో ఈవిడ గిన్నె దించడం చూశారు. గ్లాసు పక్కన పెట్టి, చేతి గడియారం చూసుకుంటూ మరో రెండు గిన్నెలు దించేదాకా అక్కడే నిలబడ్డారు.

"అమ్మా, వేడి గిన్నెను దించే చెయ్యి, చల్లటి ముక్కను ఎత్తలేదా?" అని అడిగారు.

"ఎత్తడానికేముందండీ, ఏదైనా ఎత్తుతుంది. అవతల తిట్టేవాళ్ళు లేకపోతే చాలు" అంది ఆవిడ.

అలా ఆరు నెలల పరీక్ష మీద ల్యాబులో చేరింది. ఆరు నెలలూ సవ్యంగా గడిస్తే పర్మినెంటు కాగితం. లేదంటే మళ్ళీ క్యాంటీను, మళ్ళీ మసి గిన్నెలు. ఆవిడకు ల్యాబు మీద ఎంత ఇష్టం పుట్టిందంటే, ఆదివారం వస్తే చిరాకు పడేది. ఒక మనిషి తనకు ఎదురుగా కూర్చుని, సుద్దముక్కతో బల్ల మీద బొమ్మ గీసి, "ఇదెందుకో తెలుసా?" అని అడగడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

విన్నదంతా సాయంత్రం అత్తగారికి అప్పజెప్పేది. అత్తగారు కూరగాయలు తరుగుతూ వినేది, మధ్యమధ్య పుల్లవిరుపు మాటలు వేసేది.

"అన్నీ ఉక్కే కదే. అందులో మళ్ళీ రకాలేంటి?"

"ప్లేటు మీద ఒక అక్షరం, ఒక నంబరు ఉంటాయి అత్తయ్యా. నంబరు బలం సంగతి. ముప్ఫయ్యారు అని ఉంటే అన్నిటికీ బలం ఒకటే. ముందున్న అక్షరం మాత్రం చలి సంగతి. 'ఏ' అయితే నీళ్ళు గడ్డకట్టే చలిదాకా ఓర్చుకుంటుంది. డి అయితే ఇంకో ఇరవై డిగ్రీలు కిందకి. ఇ అయితే నలభై. ఎఫ్ అయితే అరవై."

"బలం ఉన్నాక చలేం చేస్తుంది?"

"మన నీలం బకెట్టు గుర్తులేదూ? ఎండాకాలం ఎన్నిసార్లు మెట్ల మీద నుంచి పడ్డా ఏం కాలేదు. చలికాలం పొద్దున ఒక్కసారి జారితే నాలుగు ముక్కలయింది. ఉక్కూ అంతే. చలిలో దానికి వంగడం చేతకాదు, పుటుక్కున విరుగుతుంది."

అత్తగారు కత్తి ఆపి ఆలోచించింది. "అయితే మా తోటికోడలు 'ఏ' గ్రేడే. మామూలప్పుడు దాన్ని మించిన గట్టిమనిషి లేదు. కాస్త చల్లగాలి తగిలిందా, మంచం దిగదు." ఇద్దరూ పడీపడీ నవ్వారు. తర్వాత అత్తగారే, "మరి అన్నీ ఎఫ్ వే కొని పారెయ్యొచ్చుగా?" అంది.

"అది తయారయ్యేదే తక్కువ అత్తయ్యా, నెలల తరబడి ఆగాలి. వెచ్చటి నీళ్ళలో తిరిగే ఓడకి అదెందుకు? ఎక్కడ ఏది సరిపోతుందో అదే వెయ్యాలి. తక్కువది వేస్తేనే ప్రమాదం."

ఇక ఆ రోజు. శుక్రవారం. సోమవారం వస్తే ఆరు నెలలు పూర్తవుతాయి. పర్మినెంటు కాగితం టైపయి మేనేజరు బల్ల మీద ఉందని అప్పటికే గుసగుస. మంచు సముద్రంలో నిలబెట్టబోయే ప్లాట్‌ఫాం కాళ్ళ కోసం ఇ గ్రేడు ప్లేట్లు వచ్చాయి. పని అప్పటికే మూడు వారాలు వెనకబడింది, మేనేజరు నిప్పుల మీద నడుస్తున్నాడు. ఇలాంటి రోజునే, గోరుచుట్టు మీద రోకటిపోటులా, క్యాంటీనులో ఇద్దరు రాలేదు. "పొద్దుటిపూట పిన్నిని పంపండి, ఒక్క పూటే" అన్నారు. పర్మినెంటు కాని మనిషి, కాదనలేదు. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా పొయ్యి దగ్గర గిన్నెలు దించి, మొహం కడుక్కుని, సరాసరి ల్యాబుకు వచ్చింది.

మూడేసి కడ్డీలు ఒక వరస; మొదటి రెండు వరసలూ మాస్టారు పక్కనే ఉండగా విరిచింది. మూడో వరసకు మాస్టారికి పెద్దాఫీసు నుంచి పిలుపొచ్చింది. "నువ్వు కానియ్యి, సర్వేయరు గారున్నారుగా" అని వెళ్ళారు. సర్వేయరంటే పరీక్షలు సక్రమంగా జరిగాయో లేదో చూసి సంతకం పెట్టే బయటి మనిషి. ఆయన కళ్ళు సూది మీదా, గడియారం మీదా ఉన్నాయి. ఒక్కో కడ్డీకి నాలుగు సెకన్లే పట్టింది. "భేష్" అన్నాడు. సగటు ముప్ఫై నాలుగు ఉంటే చాలు. నలభై, ముప్ఫై ఏడు, ముప్ఫై ఆరు వచ్చాయి. సంతకం పడింది. ఆ మూడో వరస ఏ పోతకు, అంటే ఒకేసారి కరిగించి పోసిన ఏ ఉక్కుకు చెందిందో, ఆ పోతలో తీసిన పన్నెండు ప్లేట్లూ కోత షాపుకు బయల్దేరాయి.

సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చి పాలు పొయ్యి మీద పెట్టింది. పాలు పొంగాయి. పటకారుతో గిన్నె దించి, పటకారు తుడిచి, మడత గుడ్డ మీద పెట్టింది. పెట్టి, దాన్నే చూస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నం కూడా తన చేతులు ఇదే పని చేశాయి. మూడో వరసకు ముందు, స్పిరిట్ కారుతున్న పటకారును తుడిచి బల్ల మీది గుడ్డ మీద పెట్టింది. ప్రతి కడ్డీకీ అంతే. పటకారు తొట్టిలోనే, కడ్డీలతోపాటే, చల్లగా ఉండాలి. మొదటి రోజునే మాస్టారు చెప్పారు. వెచ్చటి పటకారు దవడలు కడ్డీ నడుమను పట్టుకుంటే, ఆ నాలుగు సెకన్లలోనే దాని చలి కాస్త విరుగుతుంది. అంటే ఆ ముప్ఫై ఏడూ, ముప్ఫై ఆరూ నలభై డిగ్రీల చలిలో వచ్చిన లెక్కలు కావు. చేతులు పొద్దుటి నుంచి వంటింట్లో ఉన్నాయి, ల్యాబుకు వచ్చింది మనిషి ఒక్కతే.

ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. సర్వేయరు సంతకం పెట్టేశాడు. ప్లేట్లు నిజంగానే మంచివేమో కూడా. సోమవారం కాగితం చేతికొస్తుంది, ఇక జన్మలో మసి గిన్నె ముట్టుకోనక్కర్లేదు. రేపు పొద్దున మాస్టారి చెవిలో మెల్లగా వేస్తే పోలా? కానీ కోత షాపులో ఆరింటికి రెండో షిఫ్టు మొదలవుతుంది, ఆ ప్లేట్ల మీదే మొదలవుతుంది. కోసి, వెల్డింగు చేసి, పది ముక్కల్లో కలిపేశాక అది ఏ ప్లేటో కనిపెట్టడం ఎవరి తరం? ఆ కాళ్ళ మీద రేపు మనుషులు నిలబడతారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ పొయ్యి మీద పాలు ఉంటాయి. మాస్టారికి ఫోన్ చేసింది, ఎవరూ ఎత్తలేదు.

"ఏమయిందే, దెయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావు?" అంది అత్తగారు.

"అత్తయ్యా, పటకారు గుడ్డ మీద పెట్టాను."

"గుడ్డ మీద పెట్టక నెత్తి మీద పెడతారా?"

"ఇక్కడ కాదు. అక్కడ, ల్యాబులో. ఇప్పుడెళ్ళి చెప్పకపోతే కోసేస్తారు. చెబితే సోమవారం కాగితం ఉండదు."

ఆరు నెలలుగా ఊరికే కూరగాయలు తరిగిందనుకున్నారా అత్తగారు? ఒక్క క్షణంలో అంతా అర్థమైంది ఆవిడకు. "కాగితం లేకపోతే క్యాంటీను ఉంది. పాలు నేను చూసుకుంటా. నువ్వు పో" అంది.

ఆవిడ పరుగెత్తింది. బస్సులో జనం ఎందుకు తనకు అంత దారిస్తున్నారో అర్థం కాలేదు. యార్డు గేటు దగ్గర కాపలా ఆయన, "ఏంటి పిన్నీ, ఎవరి మీదికి యుద్ధం?" అన్నాకగానీ, చేతిలో ఇంటి పటకారు అలాగే ఉందని తెలియలేదు. దాచుకోవడానికి చోటూ లేదు, టైమూ లేదు. అలాగే పట్టుకుని కోత షాపులోకి దూసుకుపోయింది.

బల్ల మీద మొదటి ప్లేటు ఉంది. కోసే గ్యాసు టార్చి వెలుగుతోంది. అంచున అప్పటికే జానెడు కోత పడింది.

"ఆపండి మేస్త్రి గారూ! అది కొయ్యొద్దు!"

కోత మేస్త్రి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి చూశాడు. ఆయన నోరంటే షాపంతా హడల్. "ఎవరూ, క్యాంటీను పిన్నా? ఏంటి, ప్లేటు దించడానికి పటకారు తెచ్చావా?" అన్నాడు. అక్కడున్న అయిదారుగురూ గొల్లుమన్నారు.

ఆవిడ నవ్వలేదు. "మధ్యాహ్నం మూడో వరస కడ్డీల్ని నేను వెచ్చటి పటకారుతో ఎత్తాను. ఆ లెక్కలు నమ్మొద్దు. తప్పు నాది."

"కాగితం మీద పాసయింది. సర్వేయరు సంతకం ఉంది. మూడు వారాల ఆలస్యం నా నెత్తి మీద ఉంది. ఇప్పుడు నువ్వొచ్చి వద్దంటే ఆపాలా?"

"నా చేతి తప్పు ఆ సంతకానికి తెలీదు కదండీ."

మేస్త్రి ఆవిడను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. కాళ్ళ దగ్గర కాసేపు ఎక్కువే చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, "టార్చి ఆర్పండి" అన్నాడు.

"మేనేజరు అడిగితే?" అన్నారెవరో.

"అడిగితే నేను చెప్తా. ఆర్పిన మంటని మళ్ళీ వెలిగించుకోవచ్చు, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆర్పమన్నానా!"

మంట ఆరింది. ఆ షాపులో అంత నిశ్శబ్దం ఆవిడ ఎప్పుడూ వినలేదు. ఒక మేస్త్రి, పై అధికారి మాట లేకుండా, క్యాంటీను మనిషి నోటి మాట మీద పన్నెండు ప్లేట్ల పని ఆపేశాడు. ఆవిడకు దుఃఖం పొంగుకొచ్చింది. ఏదో చెప్పబోతే, "వినపడట్లా, ఇంటికి పో" అన్నాడు. అదే మొదటిసారి.

ఇంటి గడపలో కాళ్ళు కడుక్కోబోతూ చూసుకుంది. కుడికాలికి తన చెప్పు, ఎడమకాలికి అత్తగారి చెప్పు. సాయంత్రం నుంచీ పడ్డ కంగారంతా ఒక్కసారిగా నవ్వయిపోయింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. "నా చెప్పు పట్టుకుపోయావు, పక్కింటిదాకా కూడా వెళ్ళలేకపోయాను" అని మొదలుపెట్టింది. ఆ దెప్పు ఆ రోజుతో ఆగలేదు, తర్వాత ఏళ్ళ తరబడి నడిచింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ పరీక్ష. మాస్టారు, సర్వేయరు, మేనేజరు నిలబడ్డారు. గుమ్మంలో చేతులు కట్టుకుని కోత మేస్త్రి. మాస్టారు కొత్త కడ్డీలు కోయించి తొట్టిలో పెట్టారు. పటకారు కూడా తొట్టిలోనే పెట్టి, "ఎత్తమ్మా" అన్నారు. లెక్క బాగా వస్తే, పిచ్చిదాని మాట విని ఒక షిఫ్టు పోగొట్టుకున్నామంటారు. లెక్క తగ్గితే, చెడు ముక్కను పాస్ చేసిన మనిషంటారు. ఎటు చూసినా నుయ్యీ గొయ్యీ. అయినా ఆవిడ పటకారు అందుకుంది, ముక్క నిజం ముక్క చెప్పుకోవాలి, అంతే.

ముప్ఫై. ఇరవై ఏడు. ఇరవై తొమ్మిది.

విరిగిన ముక్కలను మాస్టారు అరచేతిలో పెట్టుకుని చూపించారు. విరిగిన చోట లాగి చింపినట్టు బూడిదరంగు ఉండాలి, అక్కడ పంచదార పలుకుల్లా తళతళ మెరుస్తోంది. చలికి ఓర్వలేని ఉక్కు అలాగే విరుగుతుంది. అప్పుడు మాస్టారు తొట్టిని సున్నాకు కింద ఇరవై డిగ్రీలకు తెచ్చి మరో మూడు కడ్డీలు పెట్టించారు. అరవై ఒకటి, యాభై ఎనిమిది, అరవై నాలుగు.

"చెడ్డ ప్లేట్లు కావండీ ఇవి. మంచి డి గ్రేడు ప్లేట్లు. ఇ అని రాసుకుని వచ్చాయి, అంతే. వెచ్చటి సముద్రానికి కడుతున్న ఓడ ఉందిగా, దానికి నిక్షేపంలా పనికొస్తాయి. ఆ ప్లాట్‌ఫాం కాళ్ళకు మాత్రం వద్దు" అన్నారు మాస్టారు.

"అంతా బాగానే ఉంది. కానీ తప్పు లెక్క ఇచ్చిన మనిషిని పరీక్ష దగ్గర ఎలా ఉంచుతాం?" అన్నాడు మేనేజరు.

ఆ మాట కోసం ఆవిడ రాత్రంతా సిద్ధపడే ఉంది.

"తప్పు నాది" అన్నారు మాస్టారు. "పటకారు సంగతి మొదటి రోజు నోటితో చెప్పి ఊరుకున్నాను, రాసి గోడకు పెట్టలేదు. ఆ చేతుల్ని ఒంటిగంట దాకా వంటింటికి పంపింది కూడా మనమే."

సర్వేయరు గొంతు సవరించుకున్నాడు. "నేనూ సూదినే చూశానండీ, పటకారు చూడలేదు. ముందు నా సంతకం కొట్టెయ్యండి" అన్నాడు.

గుమ్మంలోంచి మేస్త్రి గొంతు ఖంగుమంది. "ఈ మనిషిని పంపేస్తే, రేపట్నుంచి నేను ఏ కాగితాన్ని నమ్మి కొయ్యాలో అది కూడా రాసివ్వండి." అనేసి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

సోమవారం కాగితం రాలేదు. తర్వాతి సోమవారమూ రాలేదు. మూడో సోమవారం వచ్చింది. దాంతోపాటే ఆవిడకు పటకారు పిన్ని అన్న పేరూ వచ్చింది. మేస్త్రికేమో, అడక్కుండా పని ఆపినందుకు మెమో వచ్చింది. ఆయన దాన్ని మడిచి, కుంటుతున్న బల్ల కాలు కింద పెట్టుకున్నాడు. మాస్టారు తన చేత్తో ఒక అట్ట రాసి తొట్టి పైన తగిలించారు: "కడ్డీలతోపాటు పటకారుకూ స్నానం." ఆ అట్ట ఇప్పటికీ ఉంది, సుద్ద మరకలతో సహా.

ఇన్నేళ్ళూ ఆ తొట్టి ముందు నిలబడినప్పుడల్లా ఆవిడ మనసులో ఆ ముగ్గురికీ దండం పెట్టుకునేది. తెల్లమొహం వేసుకుని నిలబడ్డ మనిషి కోసం, తలా ఒక మాట అడ్డం వేశారు. అంతకంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

రిటైరయ్యే శుక్రవారం రానే వచ్చింది. ల్యాబులో కుర్చీలు వేశారు, నలుగురూ నాలుగు మాటలు మాట్లాడారు, ఒక గడియారం ఇచ్చారు. వెనక కుర్చీలో కోత మేస్త్రి కూర్చున్నాడు. జుట్టంతా నెరిసింది, చెవికి మిషను పెట్టుకున్నాడు. అందరూ వెళ్ళాక ఆవిడ వెళ్ళి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మేస్త్రి గారూ, ఇవాళ చెవికి మిషనుంది. గోల లేదు. వినపడట్లేదంటే ఒప్పుకోను. ఆ రోజు మీరు మంట ఆర్పకపోతే నేను ఏమైపోయేదాన్నో. పద్దెనిమిదేళ్ళు ఈ ల్యాబులో అన్నం తిన్నానంటే మీ చలవే. మీకు కృతజ్ఞతలు."

మేస్త్రి చెయ్యి చెవి మిషను దాకా వెళ్ళి, ఆగిపోయింది.

"నీ మాటకి ఆపలేదు పిన్నీ. నీ కాళ్ళు చూసి ఆపాను" అన్నాడు.

"కాళ్ళా?"

"ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి ఇంకోటి. చేతిలో వంటింటి పటకారు. అబద్ధం చెప్పేవాళ్ళు అద్దంలో చూసుకుని వస్తారు. ఈ మనిషి ఇంట్లో పొయ్యి దగ్గర నుంచి లేచి అలాగే వచ్చేసింది, ఇంక దీన్ని నమ్మకపోతే ఎవర్ని నమ్మాలి అనిపించింది."

మేస్త్రే మళ్ళీ అందుకున్నాడు. ఈసారి ఆ గొంతులో కసురు లేదు.

"నువ్వు రాకపోతే ఆ పన్నెండూ నా చేత్తోనే కోసేవాణ్ణి. ఆ కాళ్ళు ఏ చలి పొద్దునో విరిగితే, ఆ ఉసురంతా నా చేతులకే తగిలేది. ఇన్నేళ్ళూ రాత్రిపూట హాయిగా నిద్రపోయానంటే నీవల్లే. ముందు చెప్పాల్సింది నేను. నాకేమో చెప్పడం చేతకాదు. నువ్వేమో కనపడినప్పుడల్లా నాకే చెప్పడానికి వస్తావు. ఏ మొహం పెట్టుకుని వినను?" కళ్ళు తుడుచుకుని, వెంటనే కోపం తెచ్చుకున్నాడు. "ఇదిగో, చెప్పేశా. ఇంక ఇంటికి పో."

ఇంటికొచ్చేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని, కళ్ళద్దాలు లేకుండానే కూరగాయలు తరుగుతోంది. ఎనభై నాలుగేళ్ళు ఆవిడకు. కోడలు గడియారం చూపించి, మేస్త్రి అన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. "చూశారా అత్తయ్యా, నేను కంగారులో మీ చెప్పు వేసుకుపోవడం వల్లే పని జరిగింది."

"నువ్వెక్కడ వేసుకున్నావే?" అంది అత్తగారు. "ఉత్త కాళ్ళతో గడప దాటేస్తున్నావు. కాలితో రెండు చెప్పులు నీ ముందుకు తోశా. అందులో ఒకటి నాది."

కోడలు తెల్లబోయింది. "మరి ఇన్నేళ్ళ నుంచీ నా చెప్పు పట్టుకుపోయావని దెప్పుతున్నారు?"

"దెప్పకపోతే నీకెలా గుర్తుంటుంది? మాస్టారి మాట చెప్తావు, మేస్త్రి మాట చెప్తావు. నాకు వండినదానికీ తరిగినదానికీ చెప్తావు గానీ, ఆ రోజు నేనూ ఓ కాలు వేశానని ఒక్కసారైనా నీకు తట్టిందా?"

పటకారు పిన్ని కింద కూర్చుని, ఆ ముసలి పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకుంది. "ఆ సాయంత్రం మీరు పొమ్మనకపోతే నేను వెళ్ళేదాన్ని కాదు అత్తయ్యా. మిమ్మల్ని ఏమని పొగడను, నా అదృష్టం మీరు" అంది, ఏడుస్తూ నవ్వుతూ.

అత్తగారు కత్తి పక్కన పెట్టి, కోడలి తల మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ అనే "చాల్లే" మాత్రం ఈసారి అనలేదు.